పాచికల ఆటలో వశీకరణము: ఆటగాని హక్కు

మన సంఘభవనమునందు ఆదివారము సాయంత్రములు యువతీయువకులు కూడి ఆడుకొనుచున్న పాచికల కథాక్రీడను గూర్చి కార్యవర్గమున రెండు పక్షములు ఏర్పడినవి. ఆ ఆటలో మంత్రములు, భూతావేశములు, పరుల మనస్సును వశపరచుకొను విద్యలు ఉన్నవని విని, అట్టిది సరస్వతీదేవి పటము క్రింద జరుగరాదనియు, హాలునకు తాళము వేయవలసినదనియు ఒక పక్షమువారు అనుచున్నారు. పుస్తకమున వ్రాసియున్నది, పాచిక పడినది, ఇక అడుగువారెవరని రెండవ పక్షమువారు, అనగా ఆ ఆటలో ఆరితేరిన కొందరు యువకులు, అనుచున్నారు. ఈ ఇరువురును పొరబడినారని మా అభిప్రాయము. మొదటివారు భయపడనక్కరలేనిదానికి భయపడుచున్నారు. రెండవవారు భయపడవలసినదానిని గుర్తించుటయే లేదు.

మేము మెట్రిక్యులేషను చదువుతో గుమాస్తాగిరిలో ప్రవేశించి, ముప్పదియారేండ్లు దస్త్రములు మోసి, నేడు విశ్రాంతి తీసుకొనుచున్నవారము. ఈ ఆటను స్వయముగా ఆడినవారము కాము. కాని నాలుగు మాసములుగా ఆ బల్ల ప్రక్కన కుర్చీ వేసుకొని చూచుచున్నాము. మా మనుమనిచేత నియమగ్రంథములను చదివించుకొని, సందేహములు అడిగి తెలిసికొన్నాము. నియమము అను మాట వినబడినచోట దాని హద్దు ఎక్కడ అని వెదకుట మా వృత్తి మాకు నేర్పిన అలవాటు. ఆ అలవాటుతోనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆట ఎట్టిదో తెలియని పెద్దలకు ముందుగా దాని స్వరూపము చెప్పవలెను. ఈ జాతి ఆటలలో మొదటిది అమెరికా దేశమున 1974లో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దాని కర్తలు. విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా అను చిన్న ఊరినుండి అది లోకమునకు వచ్చినది. ఇందులో ఒకరు ‘డంజన్ మాస్టర్’. ఆయనను మేము ఆటపెద్ద అందుము. అడవి, కోట, రాజు, రాక్షసుడు, దారిన పోవు బాటసారి, అందరును ఆయనయే. మిగిలిన నలుగురైదుగురికి ఒక్కొక్కరికి ఒక్కొక్క పాత్ర. ‘నీ యెదుట నది పొంగుచున్నది, ఏమి చేయుదువు?’ అని ఆటపెద్ద అడుగును. ‘ఈదెదను’ అని ఆటగాడు చెప్పును. ఈదగలడో లేడో 20 ముఖముల పాచిక చెప్పును. కథ ఇట్లు నోటిమాటతో నడచును.

తోలుబొమ్మలాటలో తెరవెనుకనున్న బృందమువారే బొమ్మలన్నిటిని ఆడింతురు; మనము తెరకు ఈవల కూర్చుండి చూతుము. ఈ ఆటలో తెర లేదు, ప్రేక్షకులు లేరు. కూర్చున్న ప్రతివాని చేతిలోను ఒక బొమ్మ ఉండును, ఒక్కటియే ఉండును. తక్కిన బొమ్మలన్నియు ఆటపెద్దవి. ఈ ఒక్క సంగతిని మనస్సునందుంచుకొన్నచో మేము చెప్పబోవు వాదమంతయు తేటపడును.

ఇక మొదటి పక్షమువారికి సమాధానము. ఈ భయము క్రొత్తది కాదు. అమెరికాలో 1979లో విశ్వవిద్యాలయమున చదువుచున్న ఒక బాలుడు కనబడకుండ పోగా, ఈ ఆటయే కారణమని పత్రికలు కోలాహలము చేసినవి. అతని వ్యథలు వేరనియు, ఆట వానికి కారణము కాదనియు అతనిని వెదకిన పరిశోధకుడే తరువాత గ్రంథమున వ్రాసెను. 1983లో, కుమారుని కోల్పోయిన ఒక తల్లి ఈ ఆటకు వ్యతిరేకముగా ఒక సంఘమునే స్థాపించెను. ఆమె దుఃఖము సత్యము. ఆమె ఆరోపణ మాత్రము ఋజువు కాలేదు. అయినను ఆ కోలాహలపు దశాబ్దము ముగియువేళ, 1989లో ఆట రెండవ కూర్పు వెలువడినపుడు, ‘డెమన్’, ‘డెవిల్’ అను పేర్లను పుస్తకములనుండి తొలగించిరి. కొన్ని యేండ్లలోనే ఆ జీవులు వేరు పేర్లు పెట్టుకొని తిరిగివచ్చినవి. ఇందులో చిత్రమేమనగా, పిశాచముల పేర్లు పోయినను, పరుల మనస్సును వశపరచుకొను ‘చార్మ్ పర్సన్’ అను మంత్రము తన చోటనే చెక్కుచెదరక నిలిచియుండెను. పేరునకు జడిసినవారు పనిని చూడలేదు. మన కార్యవర్గమునందలి పెద్దలును ఆ త్రోవనే నడచుచున్నారు.

మంత్రము, ఆవేశము అను మాటలు వినబడినంతనే పిల్లలు చెడుదురనుట మన సంప్రదాయమునకే విరుద్ధము. నలుని శరీరమున కలి ప్రవేశించిన కథను మన తాతలు మనకు చెప్పలేదా? నన్నయభట్టు ఆరణ్యపర్వమున దానిని తెలుగు చేయలేదా? శంకరభగవత్పాదులు అమరుక మహారాజు దేహమున ప్రవేశించిన వృత్తాంతమును ముసలమ్మలు సైతము చెప్పుదురు. సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి బోనాల మరునాడు పచ్చికుండపై నిలిచి ఒక స్త్రీ భవిష్యవాణి పలుకు ‘రంగము’ను వేలాదిమంది భక్తితో విందురు. ఊరి జాతరలో పూనకము వచ్చినవారిని చూచి మనము పారిపోలేదు. వేపమండలు, హారతి పళ్ళెరము తెచ్చితిమి. ఇన్ని ఆవేశములను కథగాను, ఆచారముగాను సహించిన జాతి, పిల్లలు కాగితముపై వ్రాసికొన్న ఒక ఆవేశమునకు హాలు తాళము వేయుట న్యాయము కాదు. ఆట జరుగవలెను, మన హాలునందే, మన కన్నుల యెదుటనే జరుగవలెను.

అయితే రెండవ పక్షమువారు ఇంతలోనే సంతోషింపవలదు. వారితో మాకు గల తగవు దీనికంటె పెద్దది.

వారి నియమములేమో చూతము. 2014 నాటి అయిదవ కూర్పు ప్రకారము ‘చార్మ్ పర్సన్’ మంత్రమునకు లోబడినవాడు మంత్రము వేసినవానిని మిత్రునివలె ఎంచును. అది ఒక గంట నిలుచును. తీరిన తరువాత తనపై మంత్రము ప్రయోగింపబడినదని అతడు ఎరుగును. ‘డామినేట్ పర్సన్’ అంతకంటె కఠినము. దానికి లోబడినవాని కాలుసేతులు సర్వము మంత్రగాని ఇచ్ఛకు లోనగును. ప్రేతము ఆవేశించినచో శరీరమును ప్రేతమే నడుపును. వీనిని తప్పించుకొనుటకు ఆటగానికి ‘సేవింగ్ త్రో’ అనగా ఒక పాచిక కలదు. ఆ పాచిక తక్కువ పడినచో ఇక పాత్ర అతనిది కాదు. ‘డామినేట్’ నిలుచునది ఒక్క నిమిషమే కదా అందురు. యుద్ధమున ఒక్కొక్క వంతునకు ఆరు సెకండ్లు లెక్క; కావున ఆ నిమిషమునకు పది వంతులు. బల్ల వద్ద అయిదారుగురు తమ తమ వంతులు ఆడుకొనునప్పుడు ఒక్కొక్క చుట్టునకు ఆరు నిమిషములు పట్టినను మొత్తము గంట అగును. మధ్య దెబ్బ తగిలినచో మరల పాచిక వేయనిత్తురు. అదియు తప్పినచో కథలోని నిమిషము బిడ్డకు గంటసేపు చేతులు కట్టుకొని కూర్చుండు శిక్ష.

ఇది ఊహ కాదు; మేము చూచినదే. మన పిల్లలలో ఒక బాలిక ఉన్నది. తొమ్మిదవ తరగతి. ఆమె పెద్దలు మూడు తరముల క్రిందట అనంతపురము సీమనుండి ఈ కన్నడదేశమునకు వచ్చిరి. ఆమెకు బడిలో కన్నడము, ఇంగ్లీషు. ఇంటిలో అవ్వ మాటాడు తెలుగు. ఆ బాలిక తన పాత్రగా ఒక వీరనారిని కల్పించుకొనెను. ఆ వీరనారిచేత అవ్వ భాషనే మాటాడించెను. దారిదోపిడి దొంగల యెదుట నిలిచి, ‘ఏమప్పా, దోవన పొయ్యేటోళ్ళ మింద పడేదేనా నీ పౌరుషము?’ అని ఆమె అడిగిననాడు బల్లయంతయు చప్పట్లు చరచినది. బడిలో తెలుగు నోరు విప్పని పిల్ల అట్లు మాటాడుట చూచి మాకును ఆనందము కలిగెను.

ఒక ఆదివారము కథలో మాంత్రికుడొకడు ఆ వీరనారిపై వశీకరణము ప్రయోగించెను. పాచిక తక్కువ పడెను. ఆటపెద్ద ఆమె యెదుటనున్న కాగితమును తన వైపునకు లాగుకొని, ఆమె పాత్రచేత తోడివారిని కొట్టించి, తుదకు మాంత్రికుని పాదములకు మ్రొక్కించి, వానిని పొగడించెను. ఆ పొగడ్త ఇంగ్లీషున సాగెను. అందరును నవ్విరి. ఆ పిల్ల చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. తరువాతి రెండు ఆదివారములు ఆమె రాలేదు. కారణమడుగగా, ‘నేను వచ్చి ఏం చేసేది తాతా? నా బొమ్మను వాళ్ళే ఆడిస్తారు కదా’ అనెను. ఆ ఆటపెద్ద చెడ్డవాడు కాడు. చదువుకొన్నవాడు, మర్యాద తెలిసినవాడు. పుస్తకమున ఉన్నదానిని ఉన్నట్లు జరిపితినని అతని నమ్మకము. మా వాదము అతనితో కాదు, ఆ నమ్మకముతో.

‘కత్తిపోటునకు ఒప్పుకొన్నవారు వశీకరణమునకు ఏల ఒప్పుకొనరు? రెండును ఆపదలే కదా’ అని యువకులు మమ్ము ప్రశ్నించిరి. రెండును ఒకటి కావు. కత్తి తగిలిన వీరుడు మూలుగవచ్చును, పారిపోవచ్చును, చచ్చుచు ఒక మాట పలుకవచ్చును. చెరసాలలో వేయబడినవాడు కావలివానిని బుజ్జగింపవచ్చును, గోడ త్రవ్వవచ్చును. ఆ ఆపదలన్నియు ‘ఇప్పుడు ఏమి చేయుదువు?’ అని ఆటగానిని అడుగునవే. వశీకరణమొక్కటి ఆ ప్రశ్ననే తీసివేయును. ఆటగానికి ఆ బల్ల వద్ద ఆస్తి యేది? కోట లేదు, సైన్యము లేదు, ఆటపెద్దకున్న వంద పాత్రలు లేవు. తన పాత్ర ఏమి తలచునో, ఏమి పలుకునో నిర్ణయించు అధికారమొక్కటియే అతని ఆస్తి. దానిని తీసికొన్నచో అతడు ఆటగాడు కాడు, ప్రేక్షకుడు. ప్రేక్షకుడగుటకు అయినచో సినిమాకు పోవచ్చును. అక్కడ కుర్చీయైనను మెత్తగా ఉండును.

‘ఆటగాండ్రు కూడ రాక్షసులపై ఇదే మంత్రము వేయుచున్నారు, వారికి చెల్లినది మాకు చెల్లదా?’ అని మరియొక ఆక్షేపణ. చూపునకు సమానముగా తోచును గాని లెక్కకు నిలువదు. ఆటపెద్ద చేతిలోనుండి ఒక రాక్షసుడు పోయిన, వాని వెనుక తొంబదితొమ్మిదిమంది ఉందురు. ఆటగాని చేతిలోనుండి పోయినది ఒక్కటియే, ఉన్నదియు ఒక్కటియే. వంద ఎకరముల భూస్వామినుండి ఒక ఎకరము తీసికొనుటయు, ఒక్క ఎకరమే గల రైతునుండి దానిని తీసికొనుటయు సమానమని ఏ తహసీలుదారును వ్రాయడు.

మా దస్త్రముల అనుభవమునుండి ఒక మాట చెప్పెదము. ఒకని తరఫున మరియొకడు సంతకము చేయవలెనన్న ముఖ్తారునామా కావలెను. అందులో ఏ పనికి, ఎంతవరకు అనునది వ్రాసియుండవలెను. ఇచ్చినవాడు దానిని తిరిగి రద్దు చేసికొనవచ్చును. అడుగకుండ పరుని వ్రేలు పట్టుకొని వేయించిన ముద్ర ముద్ర కాదు. భారత కాంట్రాక్టు చట్టము 1872 నాటిది. అందలి 16వ సెక్షను, ఒకని ఇచ్ఛపై పెత్తనము చేయగల స్థితిలో ఉన్నవాడు ఆ స్థితిని వాడుకొని అన్యాయమగు లాభము పొందుటను దోషముగా పేర్కొన్నది. అట్టి ఒప్పందమును నష్టపడినవాడు త్రోసిపుచ్చవచ్చును. ఆట ఒప్పందము కాదని, బల్ల కచ్చేరి కాదని మేమెరుగుదుము. కాని నలుగురు కూడి కథ చెప్పుకొనుట యన్నది మాటమీద నడచు పొత్తు. ఆ పొత్తున ఆటపెద్ద స్థానము పైది. పై స్థానమున ఉన్నవాడే ముందుగా అడుగవలెను.

నియమములే తుదిమాట యనువారు ఆ నియమముల చరిత్రనైనను చదువవలెను. 1978 నాటి ఆటగాండ్ర గ్రంథమున ‘చార్మ్ పర్సన్’కు లోబడినవానికి దానినుండి బయటపడు అవకాశము బుద్ధిబలమునుబట్టి వచ్చెడిది. మిక్కిలి తెలివిగలవానికి దినమునకొక పాచిక. అతిమందునికి మూడు నెలలకొక పాచిక. 2014 నాటికి అదే మంత్రము ఒక గంటకు దిగినది. నెలలు గంటకు తగ్గినప్పుడు ఈ వ్రాత వేదము కాదని తేలుట లేదా? అంతియే గాక, 2020లో అదే సంస్థ ప్రకటించిన ‘టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్’ అను గ్రంథమున, కథ మొదలిడకమునుపే అందరును కూర్చుండి, ఎవరికి ఏది సమ్మతము, ఏది కాదు అని మాటాడుకొనవలెనని ‘సెషన్ జీరో’ పేరిట ప్రత్యేకముగా వ్రాసిరి. పాచిక పడు పుట చదివి, ఈ పుటను దాటవేయుట పండితలక్షణము కాదు.

ఇక చెప్పవలసినది చెప్పుటకు సంకోచమగుచున్నను చెప్పకతప్పని విషయమొకటి కలదు. వశీకరణమను పేర ఒక బాలిక పాత్రచేత ప్రేమ నటింపజేయుట, చేయరాని పనులు చేయించుట, ‘నేను కాదు, మంత్రము’ అని తప్పించుకొనుట కొన్ని బల్లల వద్ద జరుగుచున్నదని విందుము. మన హాలులో అట్టిది జరుగలేదు; జరుగరాదు. నియమగ్రంథమున ‘చార్మ్’ అనగా మైత్రీభావమే గాని ప్రణయము కాదు. దానిని ప్రణయమునకు సాగదీయువాడు తాను చేతబట్టిన పుస్తకమునే ధిక్కరించుచున్నాడు. కథలోని పాత్ర కల్పితమే. కాని దాని ప్రక్కన కూర్చుండి వినుచున్న పిల్ల కల్పితము కాదు. ఆమె చెవులు నిజమైనవి, ఆమె సిగ్గు నిజమైనది. ‘ఆట కదా’ యను మాట దీనికి సమాధానము కానేరదు.

‘అట్లయిన కథలో వశీకరణమే వలదందురా? భయములేని కథ కథయా?’ అని అడుగవచ్చును. మేము వలదనుట లేదు. ఎట్లు నడపవలెనో నలోపాఖ్యానమే చెప్పుచున్నది. కలి నలునిలో జొరబడుటకు తావు దొరకక పండ్రెండేండ్లు కాచెను. పాదప్రక్షాళనము చేయని ఒక్క అశౌచము కనిపెట్టి ప్రవేశించెను. నలుడు పుష్కరునితో జూదమాడి రాజ్యము పోగొట్టుకొనెను, దమయంతిని అడవిలో విడిచెను. ఆవేశమువలన కలుగదగిన కీడంతయు కలిగినది. అయినను ఆ కథ కలి కథ కాలేదు; నలుని కథగానే నిలిచినది. భార్యను విడిచి పోవలేక, ఉండలేక మాటిమాటికి తిరిగివచ్చి చూచినవాడు నలుడే. కర్కోటకుని విషము లోనున్న కలినే దహించెను. ఋతుపర్ణునివలన అక్షహృదయము, అనగా పాచికల మర్మము, నేర్చుకొన్నపుడు కలి ఆ విషమును క్రక్కుకొనుచు వెడలిపోయెను. పాచికలతో లోబడినవాడు పాచికల విద్యతోనే విడివడెను! ఈ పాచికల ఆట ఆడువారికి ఇంతకంటె పాఠమేమి కావలెను? లోబడిన వేళను సైతము నలునికి చేయవలసిన పని మిగిలియున్నది. ఆ పనియే ఆ కథకు ప్రాణము.

నియమగ్రంథమందలి ప్రేతము సంగతియు అట్టిదే. ప్రేతము శరీరమును నడుపునే గాని ఆ మనుష్యుని ఎరుకను పోగొట్టదని అందులోనే వ్రాసియున్నది. ఎరుక మిగిలినప్పుడు ఆ ఎరుక ఎవరిది? ఆటగానిది. కావున ఆవేశము కలిగినవేళ పాత్రను ఆటగానిచేతనే ఆడింపవలెను. ‘నీ చేయి మిత్రునిపై కత్తి యెత్తుచున్నది; నీ లోపల ఏమి జరుగుచున్నది? ఎట్లు ఎత్తెదవు?’ అని ఆటపెద్ద అడిగినచో, ఆ పిల్ల ఒడిలోని చేతులు బల్లమీదికి వచ్చును. మా మాట నమ్మనివారు ఒకమారు చేసి చూడవచ్చును. లోబడిన వీరుని లోబడనివానికంటె చక్కగా ఆడువారు కలరు. వారికి అవకాశమిచ్చువారే లేరు.

శంకరుల పరకాయప్రవేశ వృత్తాంతమునను గమనింపదగినవి కలవు. వారు ప్రవేశించినది ప్రాణము పోయిన దేహమున. బ్రదికియున్నవానిని వెళ్ళగొట్టి కాదు. గడువు పెట్టుకొనిరి. తమ దేహమునకు శిష్యులను కాపుంచిరి. గడువు మీరినపుడు శిష్యులే పోయి పిలిచి తెచ్చిరి. జాతరలో పూనకము వచ్చినామెకు ప్రక్కన పట్టుకొనువారు, నీళ్ళిచ్చువారు, దించువారు ఉందురు. మన పెద్దలు ఆవేశమును కాదనలేదు. దానికి గడువు, కాపు, దించు విధము ఏర్పరచిరి. ఈ మూడును మన బల్ల వద్దను ఉండవలెనని మా కోరిక.

ఆ కోరికను నియమరూపమున చెప్పుచున్నాము. మొదటిది: కథారంభమునకు ముందే ఆటపెద్ద, ఈ కథలో వశీకరణము, ఆవేశము ఉండునని చెప్పి, ఒక్కొక్కరి సమ్మతి అడుగవలెను, వలదన్నవారిని కారణము అడుగరాదు. రెండవది: లోబడిన పాత్రను ఆ ఆటగాడే ఆడవలెను, ఆటపెద్ద ఏమి కావలెనో చెప్పును, ఎట్లు అనునది ఆటగాడు చెప్పును. మూడవది: ప్రతి వశీకరణమునకు విడివడు మార్గము కథలోనే ఉండవలెను, అది లోబడినవాని ప్రయత్నమునకును అందవలెను. నాలుగవది: ప్రణయము, అవమానము వశీకరణముచేత చేయింపరాదు, ఒక ఆటగాని పాత్రపై మరియొక ఆటగాడు అతని సమ్మతి లేక ఈ మంత్రము వేయరాదు. అయిదవది: ఎవరికైనను కష్టము తోచినచో వెంటనే ఆపుటకు ఒక గుర్తు ఉండవలెను. జాన్ స్టావ్రోపౌలోస్ అనువారు కల్పించిన ‘ఎక్స్ కార్డు’ ఇట్టిదే. బల్ల నడుమ ఒక చీటీ ఉండును. దానిని ముట్టినచో ఆ ప్రసంగము అంతటితో ఆగును, సంజాయిషీ అక్కరలేదు. ఈ అయిదింటిలో ఏదియు ఆట రుచిని తగ్గించునది కాదు.

మన సంచికలో ఈ చర్చకు చోటేలయని కొందరు అనవచ్చును. చోటు కలదు. 1936లో ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు బరంపురపు తెలుగువారు, 1953లో బళ్ళారి మైసూరులో కలిసినపుడు అక్కడి తెలుగువారు, హద్దు గీతకు ఆవల నిలిచిరి. యానాము 1954లో ఫ్రెంచి పాలన వీడినను పుదుచ్చేరితోనే ఉన్నది. హోసూరున, షోలాపురమున మనవారు తరములుగా ఉన్నారు. మన గూర్చి మాటాడినవారు అన్ని వైపుల ఉండిరి. మనలను అడిగి మాటాడినవారు తక్కువ. ఇరుగుపొరుగు భాషలను మనము ప్రేమతో నేర్చుకొంటిమి, వారి అన్నము తింటిమి; వారిపై మాకు ఫిర్యాదు లేదు. కాని మన నోటిమాట మనదిగా ఉండవలెనను పట్టుదల లేకున్నచో ఈ సంఘముండెడిది కాదు, ఈ సంచిక వెలువడెడిది కాదు. అట్టి మన హాలులోనే, మన బిడ్డ తన అవ్వ తెలుగున మాటాడుచుండగా, ఆ నోటిని మరియొకరు తీసికొని మరియొక భాషలో పలికించి నవ్వుటను నియమమని ఎంచి ఊరకుండుట తగునా? పిల్లలు తెలుగు మాటాడుట లేదని ఏటేట తీర్మానములు చేయుచున్నాము. మాటాడిన ఒక పిల్ల నోరు మూతపడినపుడు ఎవరును తీర్మానము చేయలేదు.

కార్యవర్గమువారికి మా మనవి ఇంతియే. ఆదివారము హాలు ఇయ్యవలెను. పైని చెప్పిన అయిదు నియమములను తెలుగున వ్రాయించి బల్ల యెదుటి గోడకు అంటింపవలెను. ఆటను నిషేధింపవలెనను పెద్దలు నిషేధమునకు ముందు ఒక సాయంకాలము వచ్చి కూర్చుండి చూడవలెను. ఆటపెద్దలగు యువకులు ఆ బాలిక యింటికి తామే పోయి, నీ వీరనారిని నీవే ఆడింపవలెను రమ్మని పిలువవలెను. పాచిక ఎట్లు పడవలెనో మనచేతిలో లేదు. పడిన తరువాత ఎవరు మాటాడవలెనో మనచేతిలోనే ఉన్నది.